షట్టరు దిగిన తరువాత

ధనంజయ పైపుల అంగడి షట్టరు పట్టపగలు దభీమని కిందికి దిగేసరికి లోపల అతనితోపాటు ఇద్దరు రైతులు ఉన్నారు. కరెంటు కూడా పోయి ఉంది. చీకట్లో ముగ్గురూ ఒకరినొకరు గుద్దుకుంటూ "యెవుర్రా అది? తీయండ్రా సామీ!" అని లోపలి నుంచి బాదుతుంటే, బయట నియాజ్ రెండు అరచేతులూ, కుడి చెంపా ఆ ఇనుప రేకుకు ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడి ఉన్నాడు. లోపలివాళ్ళు ఎంత బాదితే అతని ముఖం అంత విప్పారుతోంది.

పక్కనున్న పాత్రల కొట్టు నుంచి వహీదున్నీసాకు ఫోను వచ్చింది. "వయీదమ్మా, మీ తమ్ముడు మళ్ళా దించేసినాడు. బిరీన రా."

ఆమె మిషను మీద రవికకు చెయ్యి అతుకుతోంది. సూది దిగిన చోటే దాన్ని వదిలేసి, చెంగు తలమీదికి లాక్కుని, చిత్తూరు బజారు వీధిలోకి పరుగెత్తింది. వీధి మొదట్లోనే నవ్వులు వినబడ్డాయి. జనం మూగి ఉన్నారు. ఒకడు సెల్‌ఫోనులో వీడియో తీస్తున్నాడు. షట్టరు ఎత్తే పని మాత్రం ఎవరూ పెట్టుకోలేదు. నియాజ్ ఒడ్డూపొడుగూ చూసి జంకారో, తమాషా అయిపోతుందని ఆగారో ఆమెకు తెలియదు.

"చాలు నియాజ్. చెయ్యి తియ్యి" అని ఉర్దూలో చెప్పి, అతని వేళ్ళను ఒక్కొక్కటే రేకు మీద నుంచి ఊడదీసింది. తరువాత తనే వంగి షట్టరు పైకి నెట్టింది. ధనంజయ చెమటలు కక్కుతూ బయటికి వచ్చాడు.

"ఏమ్మా, ఇది ఎన్నోసారి? మేము యాపారం చేసుకోవాల్నా వద్దా? ఇంట్లో గొళ్ళెం పెట్టుకోలేవా?"

"తప్పైపోయిందన్నా. మిషను మీద ఉన్నింటి. ఎప్పుడు బయటికి వచ్చినాడో సూసుకోలే."

"నువ్వు వచ్చేది, తప్పైపోయిందనేది. మళ్ళా వారానికి ఇదే కత."

ఆమె తల వంచుకుని తమ్ముడి చెయ్యి పట్టుకుంది. తప్పైపోయిందనే మాట అని అని ఆమె నోరు అరిగిపోయింది. ఆ మాట ఇంకెవరైనా, ఒక్కసారైనా, తనతో అంటే ఎలా ఉంటుందోనని అప్పుడప్పుడు అనుకునేది.

నియాజ్‌కు ముప్పై దాటాయి. మీసం ఉంది, మనిషి దిట్టంగా ఉంటాడు. మాటలు మాత్రం కొద్ది. అక్కను పిలిచే ఆపా, బువ్వ, వద్దు, బస్సు, ఇంకోసారి. వీటితోనే రోజు గడుస్తుంది. చిన్నప్పటి నుంచీ అతనికి కావలసింది చప్పుడు. మిక్సీ తిరుగుతుంటే దాన్ని కౌగిలించుకునేవాడు. బస్టాండులో ఇంజను ఆపకుండా నిలిపిన బస్సుకు చెవి ఆనించి, డ్రైవరు వచ్చి తరిమేదాకా కదిలేవాడు కాదు. పెళ్ళి ఊరేగింపులో మిగతా పిల్లలు చెవులు మూసుకుంటుంటే ఇతను డప్పు కొట్టేవాడి పక్కటెముకలకు అతుక్కుపోయేవాడు. చప్పుడు దొరకని రోజు మణికట్టు కొరుక్కుంటాడు. మరీ తట్టుకోలేకపోతే తన చెవి మీద తనే పిడికిలితో గుద్దుకుంటాడు. అమ్మ ఉన్నన్నాళ్ళు ఇవన్నీ ఎలా సర్దుకొచ్చిందో ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగనూ లేదు. ఆమె పోయాక వహీదున్నీసా తమ్ముణ్ణి తన ఇంటికి తెచ్చుకుంది. ఆమె భర్త మస్తాన్ వలి గూడ్సు ఆటో తోలుతాడు. వాళ్ళకు పిల్లలు లేరు. బావమరిదిని తెచ్చుకుంటానంటే అతను అడ్డు చెప్పలేదు. "తీసుకురా, ఇల్లు మరీ చడీచప్పుడు లేకుండా ఉండాది" అన్నాడు. ఆ మాట గుర్తొస్తే ఇప్పుడు ఇద్దరికీ నవ్వు రాదు.

అప్పట్లో మిక్సీ, కుక్కరు ఈలలు, బస్సులతో సరిపోయేది. షట్టర్లు తరువాత పట్టుకున్నాయి. ఒకరోజు బజారులో ఎవరో అంగడి మూస్తుంటే చూశాడు, అంతే. ఇక ఆ వీధిలో ఎత్తి ఉన్న షట్టరు కనబడితే దించకుండా పోలేడు. ఇంటికి గొళ్ళెం పెడితే తలుపును తలతో కొడతాడు. గొళ్ళెం తీస్తే బజారుకు పోతాడు. ఈ రెండింటి మధ్య వహీదున్నీసా రవికలు కుట్టాలి.

సలహాలకు కొదవ లేదు. ఏదో దర్గాలో నలభై రోజులు ఉంచమన్నారు. నిద్రమాత్ర వెయ్యమన్నారు. ఊరికి దూరంగా ఎక్కడో హాస్టలు ఉందట, అక్కడ వదిలేయమన్నారు. అందరికీ తల ఊపి ఊపి చివరికి ఆమె, తన దగ్గర రవికలు కుట్టించుకునే టీచరమ్మ చెప్పిన మాట పట్టుకుని, తమ్ముణ్ణి తీసుకుని తిరుపతి బస్సు ఎక్కింది. ఇలాంటివాళ్ళను చూసే సెంటరు ఒకటి అక్కడ ఉందట.

ప్రయాణం ఒక్కటే బాగా జరిగింది. నియాజ్ ఇంజను పక్క సీటులో కూర్చుని దారిపొడుగునా కళ్ళు మూసుకుని నవ్వాడు.

సెంటరులో గోడల నిండా ఏనుగులు, బెలూన్లు గీసి ఉన్నాయి. వచ్చినవాళ్ళంతా చిన్నపిల్లల తల్లులు. పసుపు రంగు ప్లాస్టిక్ కుర్చీలు మోకాలెత్తు కూడా లేవు. నియాజ్ వాటిలో ఒకదాని మీద కూర్చోబోతే అది కాళ్ళు విరుచుకుంది. ఒక పాప కిలకిలా నవ్వింది. ఆ పాప తల్లి మాత్రం పాపను మెల్లగా తనవైపు లాక్కుంది. వహీదున్నీసా విరిగిన కుర్చీని గోడ పక్కకు పెట్టి, తమ్ముణ్ణి నేల మీద కూర్చోబెట్టి, తానూ పక్కనే కూర్చుంది.

లోపల వాళ్ళను చూసిన కోమలి అనే అమ్మాయి ఈ మధ్యే చదువు ముగించుకుని వచ్చినట్టుంది. కానీ ఓపికగా అంతా విన్నది. నియాజ్ బల్లను అరచేత్తో కొడుతుంటే ఆపలేదు. తను కూడా రెండు దెబ్బలు కొట్టి, అతను జవాబుగా కొడితే నవ్వింది.

"అల్లరి కాదక్కా ఇది" అంది. "ఆకలి. మనకు కడుపు ఆకలేసినట్టు ఈయనకు చెవి ఆకలేస్తుంది. దొరక్కపోతే వెతుక్కుంటాడు. అందుకని వెతుక్కునేదాకా ఆగొద్దు. భోజనానికి వేళ పెట్టినట్టు చప్పుడుకూ వేళ పెట్టండి. పొద్దున కొంచెం, మధ్యాహ్నం కొంచెం, సాయంత్రం కొంచెం."

"ఏం చప్పుడు మేడమ్?"

కోమలి చూపించింది. గొట్టంలో బియ్యం పోసి మెల్లగా వంచితే వాన పడుతున్నట్టు వస్తుంది. సీసాల్లో పప్పు, గింజలు వేసి ఊపాలి. స్టీలు పళ్ళేలు పెద్దవీ చిన్నవీ వరసగా పెట్టి గరిటెతో కొట్టాలి. చెవులకు పెద్ద హెడ్‌ఫోన్లు పెట్టి, సౌండు మరీ పెరగకుండా చూసుకుంటూ పాటలు పెట్టాలి. కళ్ళు మూసుకోమని చెప్పి, ఏ చప్పుడు ఎక్కడి నుంచి వస్తోందో కనుక్కోమనాలి.

వహీదున్నీసా అంతా విని, గొంతు తగ్గించి అడిగింది. "ఇవన్నీ పిల్లోళ్ళ ఆటలు కదా మేడమ్? మావోడికి మీసాలొచ్చి ఎన్నాళ్ళయిందో."

కోమలి చేతిలోని గొట్టం కింద పెట్టింది. "నిజమే అక్కా. పెద్దవాళ్ళ కోసం మా దగ్గర పెద్దగా ఏమీ లేదు. పెద్దయ్యాక ఎవరూ తీసుకురారు. మీరే కొంచెం గమనించండి. షట్టరులో ఏది నచ్చుతుందో తెలిస్తే, అది ఇంకో చోట దొరుకుతుందేమో చూడొచ్చు."

ఏది నచ్చుతుందో తెలిస్తే! తిరుగు ప్రయాణంలో ఆ మాటే ఆమెకు పంటికింద రాయిలా తగులుతూ వచ్చింది. చెప్పగలిగిన మనిషైతే ఇంత దూరం రావడం ఎందుకు?

అయినా చేసింది. ఎవరో పడేసిన ప్లాస్టిక్ పైపు ముక్క తెచ్చి, బియ్యం పోసి, రెండు వైపులా గుడ్డ కట్టింది. నియాజ్ ఒకసారి వంచాడు, విన్నాడు. రెండోసారి గుడ్డ విప్పి బియ్యం నేల మీద కుమ్మరించి, ఖాళీ గొట్టాన్ని చెవికి పెట్టుకున్నాడు. చింతగింజల సీసాకూ అదే గతి పట్టింది. వారం పాటు ఇంట్లో ఏ మూల ఊడ్చినా చింతగింజలే. హెడ్‌ఫోన్లు తల మీద నిలవలేదు. వాటిని అరచేతుల్లో పట్టుకుని, అవి అదురుతున్నాయేమోనని చూసి, మంచం కిందికి తోసేశాడు. స్టీలు పళ్ళేలు మాత్రం నచ్చాయి. గరిటె తీసుకుని కొట్టి, మోగుతున్న పళ్ళేన్ని పొట్టకు ఆనించుకునేవాడు. ఆమెకు ప్రాణం లేచొచ్చింది. రెండు రోజులు అతను బజారుకు పోలేదు.

మూడో రోజు పక్కింటి గంగులమ్మ గోడ మీద నుంచి తల పెట్టింది. ఆమె కూతురు పురిటికి వచ్చి ఉంది.

"వయీదా, నేనేమీ అనుకోలేదు గానీ, ఆ బిడ్డ కండ్లు మూసేది, మీ పళ్ళేనికి ఉలిక్కిపడి లేసేది. మా అమ్మి రేత్రంతా నిద్ర లేక నీరసంగా ఉండాది. పళ్ళేలు ఇంగ కట్టిపెట్టు తల్లీ."

గంగులమ్మ చెడ్డది కాదు. నియాజ్‌కు జ్వరమొస్తే కషాయం కాచి ఇచ్చిన మనిషి. వహీదున్నీసా పళ్ళేలు తీసి అటక మీద పెట్టింది. ఆ సాయంత్రమే నియాజ్ ఢిల్లీబాబు రంగుల అంగడి షట్టరు దించాడు.

ఈసారి ఆమెకు ఫోను రాలేదు. అతనే ఇంటికి వచ్చాడు, చొక్కా వీపు మీద చిరిగి ఉంది. చొక్కా విప్పితే వీపు మీద అడ్డంగా ఎర్రగా బొబ్బదేరిన చార. ఆమె ఒళ్ళు భగ్గుమంది. ఏడుపు రాలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా బజారుకు పోయి, ఎవరు కొట్టారో పాత్రల కొట్టులో అడిగి, ఢిల్లీబాబు అంగడి ముందు నిలబడి, జన్మలో ఎత్తనంత గొంతు ఎత్తింది.

"ఎవురిని సూసుకోని కొట్టినావు నా తమ్ముణ్ణి? నోరు లేనోడని కొట్టినావా? నాకు చెప్పకూడదా? నీకు చేతులుండాయని కొడతావా?"

జనం చేరారు. ఢిల్లీబాబు రంగు డబ్బాల మధ్య నుంచి లేచాడు. అతని ముఖం కూడా ఎర్రగానే ఉంది.

"కొట్టినా. ఇంకోసారి వచ్చినా కొడతా. ఈడ సూడు." గల్లాపెట్టె పక్కన కూర్చుని బిస్కెట్ తింటున్న చిన్న పిల్లను ముందుకు లాగాడు. "నా కూతురు. ఈ గడప మింద కూర్చోని ఉన్నింది. చెయ్యి లాగేది కాస్త ఆలస్యమయి ఉంటే ఏలు తెగి పడేది. అప్పుడేం చెప్తావు నువ్వు? తప్పైపోయిందంటావా?"

ఆ పిల్ల బిస్కెట్ నోట్లో పెట్టుకుని ఆమె వైపు చూసింది. వహీదున్నీసా ఆ పిల్ల వేళ్ళ వైపు చూసింది. అతను చెప్పిందీ నిజమే. తన తమ్ముడి వీపు మీద చారా నిజమే. రెండు నిజాల్లో ఏది పట్టుకుని దెబ్బలాడాలో తెలియక, వట్టి కాళ్ళతో, జనం మధ్య దారి చేసుకుని ఇంటికి వచ్చింది.

జరిగింది విన్న మస్తాన్ వలికి కోపంతోపాటు ఒక ఆలోచనా వచ్చింది. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు కూల్చేసిన అంగళ్ళ ఇనుము ఒకచోట పడి ఉంది. అందులో తుప్పు తక్కువ పట్టిన షట్టరు ఒకటి తన ఆటోలో వేసుకొచ్చాడు. వెల్డింగు పని తెలిసిన స్నేహితుణ్ణి పిలిచి, పెరట్లో రెండు ఇనుప కంబాలు పాతించి, వాటి మధ్య షట్టరు ఎక్కించాడు. ముందూ పెరడే, వెనకా పెరడే. నడుమ ఎటూ పోని షట్టరు. గంగులమ్మ గోడ మీద నుంచి చూసి, "ఇదేందబ్బా, ఈ అంగట్లో ఏమమ్ముతారు?" అని నవ్వింది.

"మా బావమరిది అంగడి" అన్నాడు మస్తాన్ వలి. చమురు పూసిన చేతులు తుడుచుకుంటూ గర్వంగా పిలిచాడు. "నియాజ్! రా. ఇది నీదే. రోజంతా దించుకో. ఎవరూ ఏమనరు."

నియాజ్ వచ్చాడు. షట్టరు చూసి రెండు చేతులూ గాలిలో ఆడించాడు. కొక్కెం పట్టుకుని ఒక్క లాగు లాగాడు. అది గరగరమంటూ దిగి దభీమని నేలను తాకింది. అతను ఆత్రంగా అరచేతులు ఆనించాడు, చెంప ఆనించాడు, కళ్ళు మూసుకున్నాడు. వహీదున్నీసా ఊపిరి బిగబట్టి చూస్తోంది.

అతను కళ్ళు తెరిచాడు. చెంప తీసి ఇంకో చోట ఆనించాడు. షట్టరు ఎత్తి మళ్ళీ దించాడు. మళ్ళీ ఆనించాడు. తరువాత చేతులు వేలాడేసుకుని ఇంట్లోకి పోయి, గోడ వైపు తిరిగి పడుకుని, మణికట్టు నోట్లో పెట్టుకున్నాడు.

మస్తాన్ వలి చేతిలో ఉన్న స్పానరు నేలకేసి కొట్టాడు. "ఇంకేం కావాలంట? అదే ఇనుము కదా? అదే షట్టరు కదా? ఇంకేం కావాలి నీ తమ్ముడికి?" అని ఆటో తీసుకుని వెళ్ళిపోయాడు.

పెరట్లో వహీదున్నీసా ఒక్కతే మిగిలింది. లోపల నుంచి నియాజ్ మూలుగు వినబడుతోంది. ఆమెకు ఒక్కసారిగా అన్నీ కలిసి వచ్చాయి. కుట్టకుండా పేరుకుపోయిన రవికలు, విరిగిన పసుపు కుర్చీ, నేల నిండా చింతగింజలు, బిస్కెట్ నోట్లో పెట్టుకుని చూసిన ఆ పిల్ల. షట్టరు పట్టుకుని పైకి ఎత్తింది, కిందికి దించింది. మళ్ళీ ఎత్తి మళ్ళీ దించింది. చేతులు నొప్పి పుట్టేదాకా, జుట్టు ఊడి ముఖం మీద పడేదాకా దించింది. "ఇంద! ఇంద! ఇదే కదా నీకు కావాల్సింది?" అని అరుస్తూ దించింది. గంగులమ్మ మనవడు లేచి ఏడుపు అందుకున్నాడు. గంగులమ్మ గోడ దగ్గరికి వచ్చి, ఆమె ముఖం చూసి వెనక్కి పోయింది.

అలసిపోయి ఆమె షట్టరు మీదే ఒరిగింది. తల రేకుకు ఆని ఉంది. ఏమీ వినబడలేదు. అంత చప్పుడు చేసిన ఇనుము, దిగిన మరుక్షణం మూగగా ఉంది. కాకి అరుపు, ఎక్కడో టీవీ, బిడ్డ ఏడుపు, అంతే.

ధనంజయ అంగడి ముందు తమ్ముడు ఎంతసేపు ఆనుకుని ఉంటాడో ఆమెకు గుర్తొచ్చింది. షట్టరు దిగడం చిటికెలో అయిపోతుంది. మరి అతను అంతసేపు ఏం వింటాడు?

మరుసటి రోజు సాయంత్రం అంగళ్ళు మూసే వేళకు ఆమె బజారుకు పోయింది. ధనంజయ ఆమెను చూడగానే అటూ ఇటూ చూశాడు. "యాడుండాడు మీవోడు?"

"ఇంట్లో ఉండాడన్నా. నేను ఒక్కదాన్నే వచ్చినా. నువ్వు షట్టరు దించేటప్పుడు నన్ను ఈడ నిలబడనీ."

"ఏమ్మా, నీకూ పట్టుకున్యాదా?"

నవ్వుతూనే అన్నా, ఆమె ముఖం చూసి జరిగి చోటిచ్చాడు. షట్టరు దించాడు. ఆమె వీధిలో పోయేవాళ్ళను పట్టించుకోకుండా అరచేతులు ఆనించి, చెవి పెట్టింది.

దభీమన్న దెబ్బ అయిపోయింది. అయిపోయిందనుకుంటుండగా లోపల నుంచి అది తిరిగి వచ్చింది. పొడుగాటి అంగడి గోడలకు తగిలి, పేర్చిన ఖాళీ పైపుల్లో దూరి, వాటన్నిటినీ గుంయిమనిపించి, మెల్లగా ఇనుములోకి పాకింది. చెవికంటే ముందు అరచేతులకు తెలిసింది. దవడ ఎముకకు తెలిసింది. పళ్ళు కూడా సన్నగా జుమ్ముమన్నాయి. తగ్గుతూ తగ్గుతూ చాలాసేపు ఉంది. అంత రద్దీ బజారులోనూ ఆ కాసేపు ఆమెకు ఇంకేమీ వినబడలేదు. పేరుకున్న రవికలు కూడా గుర్తు రాలేదు.

ఆమె చెవి తీసేసరికి ధనంజయ తాళం చేతిలో పట్టుకుని వింతగా చూస్తున్నాడు.

"వాడికి షట్టరు కాదన్నా కావాల్సింది" అంది. "షట్టరు దిగిన తరువాత వచ్చేది."

అతనికి ఏమీ అర్థం కాలేదు. ఆమెకూ చెప్పే ఓపిక లేదు. ఇంటికి పోతూ కోమలికి ఫోను చేసింది. కోమలి ఎంత సంతోషపడిందో, "అక్కా, అది కనుక్కోవడమే కష్టం. ఇక ఖాళీ గది చూడండి, పెద్దది, మోగేది" అంది. కనుక్కోవడం కష్టమని ఆ అమ్మాయి అనుకుంది. దొరకబుచ్చుకోవడం ఎంత కష్టమో వహీదున్నీసాకు తరువాత తెలిసింది.

రోజూ మూసే వేళకు నియాజ్‌ను ఒక్కసారి దించనీ అని ధనంజయను అడిగింది. "నీకు దండం పెడతా, నన్నొదిలేయ్" అన్నాడు. పాత్రల కొట్టువాడు మెత్తగా, వాళ్ళ నాయన ఒప్పుకోడన్నాడు. ఢిల్లీబాబును అడగలేదు. మెట్ల పైన ఖాళీగా పడి ఉన్న అంగడి గది కోసం దాని యజమాని దగ్గరికి పోతే, "అద్దెకు కావాల్నా?" అన్నాడు. కాదు, చప్పుడుకు కావాలంది. అతను ఫోను వచ్చినట్టు నటించి లోపలికి పోయాడు. ప్రతి చోటా మొదటి నుంచి చెప్పుకురావాలి. నా తమ్ముడండీ. పిచ్చి కాదండీ. చప్పుడంటే ఇష్టమండీ. చెప్పి చెప్పి తన గొంతు వింటేనే ఆమెకు విసుగు పుట్టేది.

చివరికి మామిడి మండి గుర్తొచ్చింది మస్తాన్ వలికి. సీజనులో అతను కాయలు తోలే మునిప్రసాద్ మండి, కాయలు అయిపోయాక తొమ్మిది నెలలు ఖాళీ. పెద్ద రేకుల షెడ్డు, ముందు లారీ వెనక్కి దూరేంత షట్టరు. స్పానరు విసిరేసిన రోజు నుంచి అతను బావమరిది ముఖంలోకి సరిగా చూడలేకపోతున్నాడు. తనే పోయి మునిప్రసాద్‌ను అడిగాడు. "ఖాళీగా ఉన్నంతవరకు చేసుకోండప్పా, నాదేం పోయింది? కాయలు దిగితే మాత్రం ఈ పక్కకు రాకూడదు" అన్నాడు మునిప్రసాద్.

మొదటి పొద్దు నియాజ్ ఆ షట్టరును చూసి ముందు భయపడ్డాడు. కాపలా ఉండే గోవిందు అనే ముసలాయన షట్టరు దించే గొలుసు విప్పి, పట్టుకొమ్మని ఇచ్చాడు. షట్టరు దిగింది. షెడ్డు మొత్తం మోగింది. రేకుల కప్పు కింద ఆ మోత అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు దొర్లుతూ, ఎండిన గడ్డి వాసనతోపాటు బయటికి వచ్చినట్టనిపించింది వహీదున్నీసాకు. నియాజ్ చేతులు, చెంప, ఛాతీ, మోకాళ్ళు అన్నీ ఆనించాడు. చాలాసేపటికి వెనక్కి తిరిగి, "ఇంకోసారి" అన్నాడు. ఇంకోసారి అయింది. ఇంకొకటి. ఆ తరువాత తనే గొలుసు వదిలేసి, "ఆపా, బువ్వ" అన్నాడు. ఆమె నమ్మలేకపోయింది. అతను చాలన్నట్టు ఆగడం పుట్టి బుద్ధెరిగాక ఆమె ఎన్నడూ చూడలేదు.

గోవిందు ఒక కట్టుబాటు పెట్టాడు. దించే ముందు అటూ ఇటూ చూసి "పక్కకు!" అని గట్టిగా అనాలి. అనకపోతే గొలుసు ఇవ్వడు. నేర్పడానికి చాలా రోజులు పట్టింది. మధ్యలో గోవిందుకు విసుగొచ్చి రెండుసార్లు మానేస్తానన్నాడు కూడా. చివరికి ఆ మాట వచ్చింది. వచ్చాక ఇక ఆగలేదు. వంటింటి బీరువా మూసే ముందు పక్కకు. బస్సు దిగే ముందు పక్కకు. గంగులమ్మ కోడిని చూసినా పక్కకు. బజారు వీధిలో షట్టర్లు ఎత్తే ఉన్నా, అటువైపు పోయే పని అతను తగ్గించాడు. పూర్తిగా మానలేదు. వహీదున్నీసా బాకీ రవికలు చాలావరకు కుట్టేసింది.

అంతలో మే వచ్చింది. మండిలో గడ్డి పరిచి కాయలు పోశారు. ముందే చెప్పిన మాటే కాబట్టి మునిప్రసాద్‌ను తప్పు పట్టడానికి లేదు. అయినా ఆమె బతిమాలితే, ఒక్కసారికి సరేనన్నాడు. నియాజ్ "పక్కకు" అని అరిచి షట్టరు దించాడు. కాయల గుట్టలు ఆ చప్పుడును మింగేశాయి. మోత లేదు, దొర్లడం లేదు. అతను చెంప ఆనించి, తీసి, అక్క వైపు చూశాడు. మణికట్టు నోటి దగ్గరికి పోయింది. లారీలవాళ్ళు దారి ఇవ్వమని హారన్లు కొడుతున్నారు. కూలీలు తిడుతున్నారు. ఆమె అతన్ని ఈడ్చుకుంటూ ఇంటికి తెచ్చింది. ఆ వారం మళ్ళీ గొళ్ళెం, మళ్ళీ తలుపుకు తల.

గొళ్ళెం పెట్టిన తలుపు ముందు కూర్చుని ఆమె ఆలోచించింది. మామిడి వచ్చే కాలానికి ఈ ఊళ్ళో ఖాళీ అయ్యేది ఏమిటి? బెల్లం. చెరకు గానుగలు ఆగిపోతాయి, బెల్లం మండీలు ఊడ్చుకుపోతాయి. ఎన్నేళ్ళుగానో కళ్ళ ముందే ఉన్నది ఇన్నాళ్ళూ తట్టలేదని తన మీద తనకే కోపం వచ్చింది.

మొదటి మండివాడు వినకుండానే పొమ్మన్నాడు. రెండోవాడు గిరిప్రసాద్, లావుపాటి మనిషి, విన్నాడు.

"చప్పుడు కోసమా?"

"అవునన్నా."

"ఎన్నాళ్ళు?"

"మామిడి అయిపోయేదాకా."

"ఆ తరువాత?"

"మామిడి మండికి పోతాము."

"మళ్ళా మామిడి కాలం వస్తే?"

ఆమెకు ఓపిక తెగింది. "మళ్ళా నీ దగ్గరికే వస్తానన్నా. ఆ పైయేడూ వస్తా. వాడు బతికినన్నాళ్ళూ వస్తా. ఏం చేయమంటావు?"

గిరిప్రసాద్ కుర్చీలోంచి లేచి, "రేపు చెప్తా" అన్నాడు. ఆ రేపు చాలా రోజులు సాగింది. ఒకరోజు పెళ్ళికి పోయినాడన్నారు, ఒకరోజు తాళంచెవి కొడుకు దగ్గర ఉందన్నారు. ఆమె రోజూ పోయి గుమ్మం ముందు కూర్చుంది. చివరికి ఆమెను రోజూ చూడలేక కావచ్చు, వెనక గోడౌను తాళం తీయించాడు. ముందుది కాదు. వెనకది చిన్నది, నేల జిగటగా ఉంది, ఈగలు ముసురుతున్నాయి.

దాని మోత మామిడి మండి మోతలో సగం కూడా లేదు. నియాజ్ మొదటి రోజు చెంప ఆనించి వెంటనే తీసేశాడు. రెండో రోజు ఇంటి గుమ్మం దగ్గరే మొరాయించాడు. వహీదున్నీసా పట్టు వదల్లేదు, కానీ ఇంటికి వచ్చాక వంటింట్లో గిన్నె ఎత్తి పడేసింది. వారం తిరిగేసరికి అతను ఆ గోడౌనులో ఒక మూల వెతికి పట్టుకున్నాడు. షట్టరు అంచు గోడను కలిసే చోటు, అక్కడ మోత కాస్త ఎక్కువ నిలుస్తుంది. ఆ మూలకు భుజం ఆనించి నిలబడ్డాడు. ఆమె ఈగలు తోలుకుంటూ బయట రాయి మీద కూర్చుంది. సంచిలో సగం కుట్టిన రవిక ఉంది. తీసి, సూదిలో దారం ఎక్కించి, కాజాలు కుట్టడం మొదలుపెట్టింది.